అరుదైన జబ్బుల అడంగల్

విక్టర్ మెక్యూసిక్ స్మారకోపన్యాస పాఠం



మెక్యూసిక్ పేరు మీద ఉపన్యాసం ఇవ్వమని పిలిచినప్పుడు నిర్వాహకులు పెట్టిన షరతు ఒక్కటే, తెలుగులో మాట్లాడాలని. దానికి వెంటనే ఒప్పుకున్నాను. చిక్కల్లా ఆయన గురించి ఏం చెప్పాలన్న దగ్గరే వచ్చింది. 'వైద్య జన్యుశాస్త్ర పితామహుడు' అన్న బిరుదు అందరూ విన్నదే. పితామహుడన్నాక ఏదో ఒక గొప్ప ఆవిష్కరణ చూపించాలి కదా! ఆయన ఏ అణువునూ కనిపెట్టలేదు, ఏ సూత్రానికీ తన పేరు పెట్టుకోలేదు. నోబెల్ కూడా రాలేదు. అరవై ఏళ్లపాటు ఆయన చేసిన పని జాబితా రాయడం. రోగిని చూడటం, ఇంటిల్లిపాదినీ చూడటం, చూసింది రాసుకోవడం, రాసుకున్నదాన్ని ఎప్పటికప్పుడు దిద్దుకోవడం. జాబితాలు గుమాస్తాల పని అనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ పనిలోనే ఆయన శాస్త్రం ఉందని నా నమ్మకం. ఎందుకో చెప్పే ప్రయత్నం చేస్తాను.

1921 అక్టోబర్ 21న అమెరికా ఈశాన్య మూలన మెయిన్ రాష్ట్రంలో, పార్క్‌మన్ అనే చిన్న ఊళ్లో, ఒక పాడి రైతు ఇంట కవల మగపిల్లలు పుట్టారు. ఒకే పిండం నుంచి వచ్చిన కవలలు. ఒకరు విక్టర్, ఇంకొకరు విన్సెంట్. విన్సెంట్ న్యాయశాస్త్రం చదివి ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఒకే జన్యుసంపదతో పుట్టిన ఇద్దరిలో ఒకరు కోర్టుకూ ఒకరు ఆస్పత్రికీ ఎందుకు వెళ్లారని వెతికితే జవాబు జన్యువుల్లో దొరకదు, ఒక సూక్ష్మజీవి దగ్గర దొరుకుతుంది.

1937లో, పదిహేనేళ్ల వయసులో, విక్టర్ చంకలో ఒక పుండు లేచింది. స్ట్రెప్టోకాకస్ జాతి సూక్ష్మజీవి తెచ్చిన పుండు అది. ఊరి దగ్గరి వైద్యం పనిచేయలేదు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో చేర్చారు. దాదాపు పది వారాలు అక్కడే. అప్పుడప్పుడే వాడకంలోకి వస్తున్న సల్ఫనిలమైడ్ ఆ కుర్రాడిని బతికించింది. అదే ఏడు అదే మందును తాగే ద్రవంగా చేయబోయి ఒక అమెరికన్ కంపెనీ విషపూరితమైన డైఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. దగ్గు మందుల వార్తల్లో ఆ రసాయనం పేరు మనం ఈనాటికీ చదువుతూనే ఉన్నాం. ఆ సంగతి అలా ఉంచుదాం. పది వారాలు మంచం మీద ఉండి డాక్టర్లను చూసిన కుర్రాడు తానూ డాక్టరవ్వాలనుకున్నాడు.

టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో చేరాడు కానీ డిగ్రీ పూర్తి చేయలేదు. యుద్ధకాలం. డిగ్రీ లేనిదే ఎవరినీ చేర్చుకోని జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల, డాక్టర్ల కరువు వల్ల ఆ నియమాన్ని సడలించింది. 1943లో బాల్టిమోర్‌లో ఆ గడప తొక్కిన మనిషి మళ్లీ ఆ సంస్థను వదల్లేదు. 1946లో ఎం.డి. అయ్యారు. తర్వాత వచ్చిన గౌరవ పట్టాలకు లెక్క లేదు కానీ, చదివి తెచ్చుకునే మామూలు డిగ్రీ మాత్రం ఆయనకు ఎప్పటికీ లేదు. ఎంట్రన్సు ర్యాంకులతోనే మనుషుల్ని కొలిచే మన ఊళ్లలో ఈ సంగతి చెప్పి తీరాలనిపించింది.

1947లో, కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో, ఆయన దగ్గరికి ఒక యువకుడు వచ్చాడు. పేగుల్లో పాలిప్‌లు, అంటే లోపలి పొర మీద పెరిగే కండ బుడిపెలు. పెదాల మీద, నోట్లో నల్లటి మచ్చలు. పెదాల మీద మచ్చలకూ పేగుల్లో బుడిపెలకూ ఏం సంబంధం? మామూలుగా ఒకటి చర్మవైద్యుడికి, ఇంకొకటి సర్జన్‌కి అప్పగించి ఊరుకుంటాం. మెక్యూసిక్ ఊరుకోలేదు. ఇలాంటి రోగులు ఇంకెవరైనా ఉన్నారా అని వెతికారు, దొరికిన కుటుంబాల వివరాలు పోగుచేశారు. బోస్టన్‌లో హెరాల్డ్ జెఘర్స్ కూడా ఇలాంటి వాళ్లనే గమనించారని తెలిసింది. 1949లో ఇద్దరూ, ఇంకొక సహచరుడితో కలిసి, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. డచ్ వైద్యుడు పూట్స్ 1921లోనే ఒక కుటుంబంలో దీన్ని చూసి రాశాడు కాబట్టి ఇవాళ మనం పూట్స్–జెఘర్స్ సిండ్రోమ్ అంటున్నాం.

ఇక్కడ ఆ కుర్ర డాక్టరుకు ఒక ప్రశ్న ఎదురైంది. మచ్చలకు ఒక జన్యువు, బుడిపెలకు ఇంకొక జన్యువు ఉండి, రెండూ పక్కపక్కనే ఉండటం వల్ల కలిసి సంక్రమిస్తున్నాయా? లేక ఒకే జన్యువు రెండుచోట్లా ప్రభావం చూపుతోందా? హాప్కిన్స్‌లోనే ఉన్న జన్యుశాస్త్రవేత్త బెంట్లీ గ్లాస్‌ను అడిగితే ఆయన రెండో మాటకే మొగ్గు చూపారు. ఒక్క జన్యువు, అనేక ఫలితాలు. పక్కపక్కనున్న రెండు జన్యువులైతే తరాలు గడిచేకొద్దీ ఎక్కడో ఒకచోట విడిపోవాలి. కొందరికి మచ్చలే, కొందరికి బుడిపెలే మిగలాలి. కుటుంబాల్లో అలా కనిపించడం లేదు. మెక్యూసిక్ ఆ తర్వాత చేసిన పనికంతటికీ విత్తనం ఈ తర్కమే. శరీరంలో దూరదూరంగా కనిపించే లక్షణాలు మళ్లీ మళ్లీ కలిసి వస్తున్నాయంటే వాటి కింద ఒకే లోపం ఉండి ఉంటుంది. ఆ లోపమేమిటో తెలియకపోయినా, లక్షణాలను జాగ్రత్తగా కలిపి రాసిపెడితే ఎప్పటికో అప్పటికి తెలుస్తుంది.

ఆయన అసలు శిక్షణ గుండె వైద్యంలో. గుండె చప్పుళ్లను యంత్రంతో చిత్రాలుగా మార్చి విశ్లేషించేవారు. ఆ విషయం మీద 1958లో పెద్ద పుస్తకమే రాశారు. బృహద్ధమని ఉబ్బి, చీలి, చిన్న వయసులోనే చనిపోయే రోగులు ఆయనకు తారసపడ్డది ఆ దారిలోనే. వాళ్లలో కొందరు బాగా పొడగరులు. సాలీడు కాళ్లలాంటి వేళ్లు, కంట్లో లెన్సు పక్కకు జారిపోవడం. 1896లో పారిస్ వైద్యుడు ఆంత్వాన్ మార్ఫాన్ అయిదేళ్ల పాపలో పొడవాటి వేళ్లను వర్ణించాడు కాబట్టి దానికి ఆయన పేరు నిలిచింది. మెక్యూసిక్ అడిగిన ప్రశ్న వేరు. కంటి లెన్సును పట్టి ఉంచే సన్నని తంతువులకూ, బృహద్ధమని గోడ మధ్యపొరకూ ఉమ్మడిగా ఉన్నదేమిటి? అదేమిటో ఆయనకు తెలియదు. కానీ ఏదో ఒకటి ఉండి తీరాలని ఖాయంగా తెలుసు. శరీరభాగాలను అంటిపెట్టే సంధాయక కణజాలంలో ఏదో ఒక పదార్థం లోపించిందని 1955లో వ్యాసం రాసి, 1956లో అలాంటి జబ్బులన్నిటినీ ఒకచోట చేర్చి పుస్తకం వేశారు.

జవాబు 1991లో వచ్చింది. అదీ హాప్కిన్స్‌లోనే, హాల్ డీట్జ్ బృందం చేతుల మీదుగా. పదిహేనో క్రోమోజోము మీద ఉన్న ఫిబ్రిలిన్ జన్యువులో మార్పులే కారణం. ఫిబ్రిలిన్ లెన్సు తంతువుల్లోనూ ఉంది, ధమని గోడలోనూ ఉంది. ముప్ఫై అయిదేళ్ల కింద అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు. మధ్యకాలంలో కూడా ఆ రోగులకు జరగాల్సిన మేలు ఆగలేదు. 1972లో మెక్యూసిక్ సహచరులతో కలిసి లెక్క తీస్తే మార్ఫాన్ రోగులు చనిపోయే సగటు వయసు 32 ఏళ్లని తేలింది. ఎక్కువమందిని తీసుకుపోతున్నది ధమనే. చీలకముందే దాన్ని మార్చగలమా? 1976 నుంచి హాప్కిన్స్‌లో విన్సెంట్ గాట్ ఆ ఆపరేషన్లు చేశారు. 1972 లెక్కల ప్రకారం సగంమంది 48 ఏళ్ల దాకా బతికితే, 1995లో ప్రచురించిన లెక్కల్లో ఆ వయసు 72కి చేరింది. జన్యువు దొరక్కముందే ప్రాణాలు నిలిచాయి. ఎవరికి ముప్పుందో, ఎక్కడ చూడాలో ఆ జాబితాలో రాసి ఉంది కాబట్టి నిలిచాయి.

పొడవాటి కాళ్లూ చేతులూ ఉన్న అబ్రహాం లింకన్‌కు మార్ఫాన్ ఉందా అన్న కుతూహలం అమెరికన్లకు చాలాకాలంగా ఉంది. మ్యూజియంలో దాచిన ఆయన ఎముక ముక్కల నుంచి డీఎన్ఏ తీసి చూడాలని 1991లో ప్రతిపాదన వస్తే, దాన్ని పరిశీలించిన సంఘానికి అధ్యక్షుడు మెక్యూసిక్. చివరికి ఆ పరీక్ష వాయిదా పడింది. పడటమే మంచిదైందని నా అభిప్రాయం. చనిపోయిన మనిషి జన్యువులను అడక్కుండా చదవకూడదన్న విషయంలో అధ్యక్షుడైనా పౌరుడైనా ఒకటే.

మళ్లీ వెనక్కి వెళదాం. హాప్కిన్స్‌లో జోసెఫ్ ఎర్ల్ మూర్ అనే పెద్దాయన సిఫిలిస్ క్లినిక్ నడిపేవారు. పెన్సిలిన్ వచ్చాక సిఫిలిస్ తగ్గిపోయింది. క్లినిక్‌ను దీర్ఘవ్యాధుల క్లినిక్‌గా మార్చారు. మూర్ తర్వాత దాన్ని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మెక్యూసిక్‌ను అడిగారు. అక్కడ జన్యుశాస్త్ర విభాగం పెట్టుకోనిస్తే వస్తానన్నారాయన. 1957 జులై 1న విభాగం మొదలైంది. గుండె వైద్యంలో పేరు తెచ్చుకున్న మనిషి ఆ దారి వదిలి అరుదైన జబ్బుల వెంట పడటమంటే ఉన్న ఉద్యోగానికి ఉరి వేసుకోవడమేనని కొందరు సహచరులు హెచ్చరించారు. అప్పటికి మనిషి క్రోమోజోముల సంఖ్య 46 అని కచ్చితంగా తెలిసి ఏడాదే అయింది. డౌన్ సిండ్రోమ్‌కు కారణం అదనపు క్రోమోజోమని తెలియడానికి ఇంకా రెండేళ్లుంది. వాళ్ల హెచ్చరికలో అన్యాయమేమీ లేదు.

పితామహుడన్న బిరుదు గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. అదే 1957లో సియాటిల్‌లో ఆర్నో మోటుల్స్కీ కూడా వైద్య జన్యుశాస్త్ర విభాగం మొదలుపెట్టారు. కొందరికి మందులు వికటించడానికి వారసత్వంగా వచ్చిన ఎంజైమ్ లోపాలు కారణం కావచ్చని అదే ఏడు వ్యాసం రాసి కొత్త శాఖకు పునాది వేశారు. ఇద్దరికన్నా అర్ధ శతాబ్దం ముందు, 1902లో, లండన్‌లో ఆర్చిబాల్డ్ గారడ్ ఆల్కాప్టన్యూరియా అనే జబ్బు మెండెల్ సూత్రాల ప్రకారం సంక్రమిస్తోందని చూపించారు. పితామహులు ఒకరికి మించే ఉన్నారు. మెక్యూసిక్ ప్రత్యేకత వేరేచోట ఉంది. చెదిరిపోయి ఉన్న విషయాన్ని ఆయన ఒక ఆస్పత్రి విభాగంగా, ఒక శిక్షణగా, ఒక పుస్తకంగా మలిచారు. 1960 నుంచి ప్రతి వేసవిలో సొంత రాష్ట్రం మెయిన్‌లోని బార్ హార్బర్‌లో, ఎలుకల జన్యుశాస్త్రానికి పేరుపొందిన జాక్సన్ ప్రయోగశాలలో వైద్యులకు పాఠాలు పెట్టారు. ఆయన పోయే ఏడాది దాకా అవి ఏటా జరిగాయి. మెడలో కెమెరా వేసుకుని కనిపించిన ప్రతివాళ్లనూ ఫొటో తీసేవారట. ఆ అలవాటు కూడా జాబితా రాసే మనసుదే.

1960ల మొదట్లో ఆయన దృష్టి ఆమిష్ జనం మీద పడింది. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ కౌంటీ. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా నుంచి మతస్వేచ్ఛ కోసం వలస వచ్చిన కొద్ది కుటుంబాల సంతతి. గుర్రపు బండ్లలో తిరుగుతారు, సొంత మతస్థులనే పెళ్లాడతారు, పిల్లల్ని ఎక్కువమందిని కంటారు. వంశచరిత్రలు శ్రద్ధగా రాసి అచ్చు వేయించుకుంటారు. వాళ్ల సమాజం గురించి జాన్ హాస్టెట్లర్ రాసిన పుస్తకం, ఆ ప్రాంతంలో పొట్టివాళ్లు ఎక్కువగా కనిపిస్తున్నారన్న ఒక స్థానిక వైద్యుడి మాట, రెండూ దాదాపు ఒకే సమయంలో మెక్యూసిక్ కంటపడ్డాయి. ఇంటింటికీ వెళ్లి చూశారు. వాళ్లంతా ఒకే రకం పొట్టివాళ్లు కారని తేలింది. కొందరికి చేతులకు ఆరేసి వేళ్లు, గుండెలో రంధ్రం. అది ఎల్లిస్–వాన్ క్రెవెల్డ్ సిండ్రోమ్. ఇంకొందరికి సన్నని పలచటి జుట్టు. అది అంతకుముందు ఎవరూ గుర్తించని జబ్బు. మృదులాస్థి, వెంట్రుకలు రెండూ దెబ్బతినే ఆ జబ్బును 1965లో ఆయనే వర్ణించారు.

ఎల్లిస్–వాన్ క్రెవెల్డ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎడిన్‌బరో వైద్యుడు ఎల్లిస్, ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు వాన్ క్రెవెల్డ్ ఒక సభకు వెళ్తూ రైల్లో ఒకే పెట్టెలో కలిశారు. మాటల్లో ఇద్దరి దగ్గరా ఇలాంటి రోగే ఉన్నారని తెలిసి, 1940లో కలిసి రాశారు. మన పాసింజరు రైళ్లలో కూడా ఇలాంటి సంభాషణలు జరుగుతూనే ఉంటాయి, రాసుకునేవాళ్లు తక్కువ. 1964లో మెక్యూసిక్ బృందం ఆమిష్ జనంలో 30 తోబుట్టువుల జట్లలో 52 మందిని లెక్కపెట్టింది. అప్పటిదాకా ప్రపంచంలోని వైద్య పత్రికలన్నిటిలో కలిపి వర్ణించిన రోగులు ఎందరో, ఈ ఒక్క జనంలోనే దాదాపు అందరున్నారు. వంశవృక్షాలు వెనక్కి గీసుకుంటూ పోతే జబ్బున్న పిల్లల తల్లులూ తండ్రులూ అంతా 1744లో వలస వచ్చిన శామ్యూల్ కింగ్ దంపతుల దగ్గర కలిశారు. ఆ ఇద్దరిలో ఒకరు ఆ జన్యుమార్పును మోసుకొచ్చారు. వాళ్లకు ఏ జబ్బూ లేదు. రెండు కాపీలూ చెడితేనే బయటపడే జబ్బు అది. పిల్లలు పెరిగి, మనవలు పెరిగి, ఆ జనంలోనే పెళ్లిళ్లు జరుగుతూ పోతే ఏడెనిమిది తరాల తర్వాత రెండు చెడ్డ కాపీలు ఒక బిడ్డలో కలుస్తాయి.

ఆ వ్యాసాల్లో రోగుల ఫొటోలు ముఖాలు కనిపించేలా అచ్చయ్యాయి. ఆనాటి సమ్మతి నియమాలు వేరు. ఇవాళ ఏ పత్రికా అలా వేయదు, వేయకూడదు కూడా. ఆయన మీద గౌరవం ఉంది కదా అని ఆ విషయం దాచనక్కర్లేదు.

ఆమిష్ కథలో మన వైద్యులు తరచూ జారవిడిచే అంశం ఒకటుంది. మన దగ్గర వంశపారంపర్య జబ్బనగానే 'మేనరికమా?' అని అడుగుతాం. కాదంటే ఊపిరి పీల్చుకుని ఆ పేజీ మూసేస్తాం. మేనరికాల మీద మనవాళ్లు చేసిన మంచి పరిశోధన ఉంది. జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల సంఖ్య, ఫలితాల గురించి 1963లో ప్రచురించారు. మీరాఖాన్ ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కు వెళ్లి, ఏ జన్యువు ఏ క్రోమోజోము మీద ఉందో తేల్చే పనిలో పాలుపంచుకున్నారు. అంటే మెక్యూసిక్ కలగన్న, ముందు ముందు చెప్పబోయే, మానవ జన్యుపటం పనిలోనే. మేనరికం లెక్కలోకి రావలసిందే, కాదనను. కానీ ఆమిష్ తల్లిదండ్రులు చాలామంది మేనత్త మేనమామ బిడ్డలు కారు. వాళ్ల మధ్య ఉన్నది దూరపు, మరచిపోయిన చుట్టరికం. మూలపురుషులు కొద్దిమందే అయి, పెళ్లిళ్లు ఆ గుంపులోనే జరుగుతూ ఉంటే, గుంపు ఎంత పెరిగినా ఆ కొద్దిమంది జన్యువులే చలామణీలో ఉంటాయి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్, వారి సహచరులు 2017లో ప్రచురించిన పరిశోధనలో దక్షిణాసియాకు చెందిన 263 జనసమూహాలను పరిశీలించారు. వాటిలో 81 సమూహాల్లో ఈ మూలపురుష ప్రభావం ఫిన్లాండ్ ప్రజల్లో, ఆష్కెనాజీ యూదుల్లో ఉన్నదానికన్నా బలంగా కనిపించింది. ఆ రెండు జనాలూ జన్యుశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడూ కనిపించే ఉదాహరణలు. మన వైశ్యుల ఉదాహరణ మత్తు డాక్టర్లందరికీ తెలిసిందే. ఆపరేషన్ ముందు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తాం. రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్ లేనివాళ్లకు ఊపిరి తీసే కండరాలు గంటల తరబడి తిరిగి పనిచేయవు. ఈ లోపం వైశ్యుల్లో ఇతరుల కన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువని అదే పరిశోధన గుర్తుచేసింది. ఇందాక మోటుల్స్కీ 1957 వ్యాసం గురించి చెప్పాను చూడండి, అందులో ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఈ మందు ఒకటి. దీన్ని ఏ కులానికీ మచ్చగా తీసుకోవద్దు. ప్రతి గుంపుకీ ఏదో ఒకటి ఉంటుంది, కొన్ని గుంపుల్లో ఇంకా ఎవరూ వెతకలేదు, అంతే. ముందుగా తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు, వెంటిలేటర్ సిద్ధంగా పెట్టుకుంటారు. సమస్య అక్కడితో తీరిపోతుంది.

ఇక మెక్యూసిక్ జాబితా పుస్తకం. 1962లో ఎక్స్ క్రోమోజోముతో సంక్రమించే లక్షణాల జాబితా తయారుచేశారు. తర్వాత మిగతావీ. 1966లో 'మెండీలియన్ ఇన్‌హెరిటెన్స్ ఇన్ మ్యాన్' మొదటి ముద్రణ వచ్చింది. సుమారు పదిహేను వందల పద్దులు. దాన్ని మొదటినుంచీ కంప్యూటరులోనే పెట్టారు. కార్డులకు చిల్లులు పొడిచే కాలంలో, డేవిడ్ బోలింగ్ అనే ప్రోగ్రామరు సాయంతో, ఎప్పుడు కావాలంటే అప్పుడు దిద్దుకునేలా. 1998 నాటికి పన్నెండు ముద్రణలు. ఒక ముద్రణ అచ్చయి వచ్చేసరికే తర్వాతి ముద్రణకు దిద్దుబాట్లు మొదలయ్యేవి. 1987లో అది ఆన్‌లైన్‌కు ఎక్కి 'ఓమిమ్' అయింది. ఇవాళ మీ ఫోనులో తెరిచి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

మన గ్రామాల్లో అడంగల్ ఎలా పనిచేస్తుందో మీకు తెలుసు. ఏ సర్వే నంబరు భూమిలో ఎవరున్నారు, ఏ పంట వేశారు, నీరెక్కడిది అన్నది ఏటా తిరగరాస్తూ ఉండాలి. మెక్యూసిక్ పుస్తకం అరుదైన జబ్బుల అడంగల్. ప్రతి జబ్బుకీ ఆరంకెల నంబరు. ఒక్క కాపీ చెడితే చాలు కనిపించే జబ్బులకు 1తో, రెండూ చెడితేనే కనిపించేవాటికి 2తో, ఎక్స్ క్రోమోజోము జబ్బులకు 3తో మొదలవుతుంది. మార్ఫాన్ 154700. ఎల్లిస్–వాన్ క్రెవెల్డ్ 225500. రక్తం గడ్డకట్టని హిమోఫీలియా–ఎ 306700. నంబరు చూడగానే ఆ కుటుంబంలో తర్వాతి బిడ్డకు ముప్పెంతో సగం తెలిసిపోతుంది. 1994 తర్వాత చేర్చినవాటిలో మొదటి రెండు రకాలకూ ఈ సౌకర్యం లేదు, రెండూ 6తోనే మొదలవుతాయి. ఆ మార్పు నాకు నచ్చలేదు కానీ నన్నెవరడిగారు!

ఆ పద్దుల్లో చాలావాటికి మొదట జన్యువు తెలియదు. జబ్బుంది, కుటుంబం ఉంది, సంక్రమించే తీరు తెలుసు. జన్యువు ఎక్కడుందో తెలియదు. 1911లో వర్ణాంధత్వ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉందని ఇ.బి. విల్సన్ తేల్చారు. ఎక్స్ కాని క్రోమోజోముల్లో ఒక్క జన్యువు చోటైనా తేలడానికి ఆ తర్వాత 57 ఏళ్లు పట్టింది. 1968లో మెక్యూసిక్ విభాగంలోనే రోజర్ డోనహ్యూ అనే పరిశోధక విద్యార్థి తన సొంత ఒకటో క్రోమోజోములో ఒక వింత సాగుడును గమనించాడు. అది తన కుటుంబంలో ఎవరెవరికి ఉందో చూసి, డఫీ రక్తవర్గంతో కలిసి వస్తోందని తేల్చాడు. అలా డఫీ జన్యువు ఒకటో క్రోమోజోము మీదికి చేరింది.

ఆ మరుసటి ఏడు, 1969 సెప్టెంబరులో, హేగ్‌లో పుట్టుకతో వచ్చే లోపాల మీద జరిగిన ప్రపంచ సభలో మెక్యూసిక్ లేచి మనిషి జన్యువులన్నిటికీ పటం గీయాలని ప్రతిపాదించారు. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు మోపి రెండు నెలలు కాలేదు. చేతిలో ఉన్నది ఎక్స్ మీది కొన్ని జన్యువులు, దాని బయట డఫీతో కలిపి వేళ్ల మీద లెక్కించదగ్గవి. ఆ మాట విన్నవాళ్లకు అది అత్యాశగానే తోచి ఉంటుంది. గుండె వైద్యుడికి గుండె ఉంది, మూత్రపిండాల వైద్యుడికి మూత్రపిండం ఉంది, ఈ పటం వస్తే జన్యువైద్యుడికీ తన అవయవం దొరుకుతుందని ఆయన తర్వాత చెబుతూ ఉండేవారు. ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే కాబట్టి తొందరగా దాటేస్తాను. జన్యుశాస్త్రవేత్త ఫ్రాంక్ రడిల్‌తో కలిసి 1973 నుంచి జన్యుపటాల సదస్సులు, 1987లో 'జీనోమిక్స్' పత్రిక. 1988లో మానవ జన్యుసంపద పరిశోధకుల అంతర్జాతీయ సంస్థ 'హ్యూగో'కు తొలి అధ్యక్షత. 1990లో మానవ జన్యుపథకం మొదలైంది. 1973 నుంచి 1985 దాకా హాప్కిన్స్ వైద్యవిభాగానికి అధిపతి. 1997లో లాస్కర్, 2008లో జపాన్ బహుమతి. అదే ఏడు జులై 22న, 86 ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు. భార్య ఆన్ కూడా హాప్కిన్స్ వైద్యురాలే, కీళ్లవాతం నిపుణురాలు.

నోబెల్ రాకపోవడం గురించి అప్పుడప్పుడు ఎవరో ఒకరు బాధపడుతుంటారు. నాకు ఆశ్చర్యం లేదు. ఆ బహుమతి ఒక రోజున, ఒక ప్రయోగంలో తేలిన విషయానికి ఇస్తారు. యాభై ఏళ్లు రోజూ పత్రికలు చదివి, పద్దు మీద పద్దు దిద్దిన మనిషికి ఏ రోజు పేరు మీద ఇస్తారు?

విద్యార్థులకు చివరగా ఒక పని అప్పగించి ముగిస్తాను. మన కేస్ షీటులో 'కుటుంబ చరిత్ర' అని ఒక గడి ఉంది. దానికెదురుగా తొంభై పాళ్లు రాసేది 'చెప్పుకోదగ్గదేమీ లేదు' అనే. రేపటినుంచి అక్కడ మూడు తరాల వంశవృక్షం గీయండి. చతురస్రం మగవారికి, వృత్తం ఆడవారికి. జబ్బున్నవారి బొమ్మకు లోపల నలుపు. రక్తసంబంధీకులు పెళ్లి చేసుకుంటే మధ్య రెండు గీతలు. అక్క కూతురిని చేసుకున్న ఇంట్లో ఆ జంట గీత ఒక తరం నుంచి ఇంకొక తరానికి ఏటవాలుగా పోతుంది. విదేశీ పుస్తకాల్లో ఈ బొమ్మ అరుదు, మన వార్డుల్లో రోజూ అవసరం. గీయడం అలవాటు చేసుకోండి. సంబంధం లేదన్నచోట కూడా ఆగిపోకండి. తల్లివైపు, తండ్రివైపు తాతముత్తాతల ఊళ్లు, ఇంటిపేర్లు రాయండి. చిన్నప్పుడే పోయిన పిల్లల గురించి మెల్లగా అడగండి. ఆ ప్రశ్న తల్లిని అడగాలి, పక్కన జనం లేనప్పుడు అడగాలి. మత్తు మందుతో ఇంట్లో ఎవరికైనా ఇబ్బందైందా అని అడగండి. గీసిన కాగితానికి ఒక నకలు తీసి రోగికి ఇవ్వండి. ఫైళ్లు మన దగ్గర ఎంతకాలం ఉంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. జబ్బు పేరు తేలకపోతే హైదరాబాద్ నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది, సీడీఎఫ్‌డీ ఉంది, అక్కడికి పంపండి. పంపేటప్పుడు ఆ వంశవృక్షం జత చేయండి. అది చేరితే వాళ్ల పని సగం అయినట్టే.

ప్రశ్నలుంటే అడగండి. వెనక వరసల నుంచి మొదలుపెడదాం.